మట్టి బలం - కూలీ ప్రాణం

పొద్దున్నే ఎల్‌బీ నగర్ అడ్డా మీద నిలబడేవాళ్లలో వ్యవసాయ కూలీలు ఎందరో ఉంటారు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పని లేక పారా తట్టా పట్టుకొని వచ్చినవాళ్లు. ఇప్పుడు బీహారు నుంచీ వస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడే ఒక సెల్లారు గుంతలో మట్టి విరిగిపడి కూలీలు ముగ్గురు చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా "అనుకోకుండా కూలింది" అంటారు. మట్టి అనుకోకుండా కూలదు. దాని లెక్క దానికుంది. ఆ లెక్క తెలియాలంటే ఒకసారి అనంతపురం జిల్లా పోయి రావాలి.

రాయదుర్గం దగ్గర కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి పారుతుంది. అక్కడి జనం హగరి అంటారు. పారుతుందనడమే గాని ఎక్కువ కాలం ఎండే ఉంటుంది. ఆషాఢంలో నైరుతి గాలి లేచిందంటే నదిలోని ఇసుక రైతుల పొలాల మీద మేట వేస్తుంది. దర్గా హొన్నూరు, గోవిందవాడల దగ్గర అచ్చం ఎడారి దిబ్బలే. గాలి తగిలే వైపు దిబ్బ నిదానంగా లేస్తుంది, వెనక వైపు ఏటవాలుగా దిగుతుంది. ఆ వెనక వాలు 30-34 డిగ్రీలు దాటదు. థార్‌లోనైనా సహారాలోనైనా అంతే. దాటితే జారిపోతుంది.

ఎందుకంటే ఎండిన ఇసుకకు ఉన్న బలం ఒక్కటే, రేణువుల మధ్య రాపిడి. అతుకు లేదు. అందుకే దిబ్బ 10 అడుగులున్నా 100 అడుగులున్నా వాలు మారదు.

మరి తడి ఇసుక? పాదం మీద ఇసుక పేర్చి పిచ్చుకగూడు కట్టని వాళ్లెవరు! రేణువుల మధ్య ఉన్న కాస్త తడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఎండితే కూలుతుంది, నీళ్లు ఎక్కువైనా కూలుతుంది.

ఎల్‌బీ నగర్ కింద ఉన్నది గ్రానైటు రాయి చివికి అయిన మొరం. రాయిలో ఒక భాగం బంకమట్టిగా మారింది, ఒక భాగం ఇసుకగా మిగిలింది. ఆ బంకా, ఆ తడీ ఉన్నాయి కాబట్టే జేసీబీతో నిలువుగా కోసినా గోడలాగా నిలబడుతుంది. కానీ అతుకుతో నిలిచే గట్టుకు ఎత్తు హద్దు ఉంది. లోతు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, అతుకు పెరగదు. పైన వాన పడినా, పక్కన డ్రైనేజీ కారినా ఆ కాస్తా పోతుంది. ఒకప్పుడు పోసి చదును చేసిన మట్టయితే చెప్పనే అక్కర్లేదు, దిబ్బకు తమ్ముడే.

మన మోటబావులు తవ్వినవాళ్లకు ఇది తెలుసు. పైమట్టి ఉన్నంత మేర రాతికట్టు కట్టేవాళ్లు. బిల్డర్లకు తెలియదా? తెలుసు. 20 అడుగుల గుంతకు 45 డిగ్రీల వాలు ఇస్తే గట్టు పొడవునా 20 అడుగుల జాగా పోతుంది. ఇక్కడ గజం జాగా ధర కూలీ ప్రాణం కంటే ఎక్కువ. వాలు ఇవ్వలేకపోతే దన్ను కట్టొచ్చు, అదీ ఖర్చే. కూలీ నిలబడ్డ చోటు నుంచి ఒకటిన్నర మీటరుకు మించి గట్టు లేచి, మట్టి పడే ప్రమాదముంటే దన్ను ఉండాలని 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనల్లోనే రాశారు. ఒకటిన్నర మీటరంటే మనిషి ఎత్తు కూడా కాదు.

అడ్డా నుంచి పిలిచి గుంతలోకి దిగమన్నప్పుడు ముందు పైకెళ్లి అంచు చూడండి. అంచుకు రెండు మూడు అడుగుల వెనక నేల నెర్రె విచ్చి ఉందా, తవ్విన మట్టి అంచు మీదే కుప్ప పోశారా, గోడలో చెమ్మ కారుతుందా. వీటిలో ఏ ఒక్కటి కనబడినా దన్ను కట్టేదాకా దిగమని చెప్పాలి, నలుగురూ కలిసి చెప్పాలి. ఒక్కడు చెబితే ఇంకొకణ్ణి దింపుతారు.