మీకు తెలుసా? బస్తరు నీళ్లు, ఫోన్‌లో లెక్కలు

ఈత కొలను నీటిని చూసుకోవడానికి ఇప్పుడు ఫోన్‌లో బోలెడు యాప్‌లున్నాయి. క్లోరిన్ ఇంత, పీహెచ్ ఇంత అని నింపితే చాలు, ఏ మందు ఎన్ని గ్రాములు వేయాలో లెక్కగట్టి చెబుతాయి. అయితే వాటిలో పేరున్నవి చాలావరకు అమెరికా పెరటి కొలనుల కోసం పుట్టాయి. ఒకపక్క ఇనుప కొండ, ఇంకోపక్క సున్నపురాయి గుహలు ఉన్న బస్తరు (ఛత్తీస్‌గఢ్) ప్రాంతంలో బోరు నీళ్లతో కొలను నింపేవాళ్లు ఆ యాప్‌లను నమ్ముకునే ముందు తమ నేల సంగతి కాస్త తెలుసుకోవాలి.

ఫోన్‌కి నీళ్లు కనిపించవు

పూల్ మ్యాథ్ లాంటి యాప్‌లు ఒట్టి లెక్కల పుస్తకాలు. నీళ్లలో ఏముందో అవి చూడవు. మీరు పరీక్ష చేసి రాసిన అంకెనే నమ్ముతాయి. రంగు మారే కాగితపు పట్టీని కెమెరాతో ఫోటో తీసి అంకె చెప్పే యాప్‌లు ఇంకో రకం. వీటికి వెలుతురే శత్రువు. మధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటోకి, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోకి ఒకే పట్టీ రెండు రంగుల్లో కనిపించవచ్చు. చుక్కల మందు వేసి రంగు పోల్చుకునే కిట్ పాత పద్ధతే అయినా, నా ఓటు దానికే.

మొదటిసారి యాప్ తెరిచినప్పుడు చాలామంది చూడకుండా వదిలేసే సెట్టింగ్ ఒకటుంది. అమెరికా యాప్‌లు కొలను పరిమాణాన్ని గాలన్లలో అడుగుతాయి. ఒక అమెరికన్ గాలన్ అంటే 3.785 లీటర్లు. లీటర్ల అంకెను గాలన్ల గడిలో రాస్తే మందు దాదాపు నాలుగింతలు పడుతుంది.

లక్ష లీటర్లకు ఎంత?

యాప్ చేసే లెక్క నిజానికి నోటితో చేయొచ్చు. 10 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న కొలనులో సుమారు లక్ష లీటర్ల నీళ్లు పడతాయి. అందులో క్లోరిన్‌ను 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) పెంచాలంటే 200 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం బలమున్న కాల్షియం హైపోక్లోరైట్ అయితే సుమారు 310 గ్రాములు, 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే సుమారు 600 గ్రాములు. అంతవరకు బాగానే ఉంది. కానీ బ్లీచింగ్ పౌడర్ తేమ తగిలిన కొద్దీ బలం కోల్పోతుంది. బస్తరు వానాకాలం గడిచాక, మూతి సరిగా కట్టని బస్తాలోని పొడి 20 శాతానికి దిగిపోయిందనుకోండి, అదే పనికి కిలో పడుతుంది. బస్తా మీద అచ్చేసిన అంకెనే యాప్ పట్టుకుని కూర్చుంటుంది. అందుకే మందు వేసిన కొన్ని గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేయడం తప్పనిసరి.

క్లోరిన్ ఉన్నా పనిచేయకపోవచ్చు

నీటిలో పడిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. క్రిముల్ని చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది హైపోక్లోరైట్, ఇది బాగా మందకొడి. ఏది ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. పీహెచ్ 7 దగ్గర సుమారు ముప్పావు వంతు చురుకైన రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగానికి, 8 దగ్గర పావుకి పడిపోతుంది. యాప్‌లో క్లోరిన్ అంకె పచ్చగా వెలుగుతున్నా పీహెచ్ 8 దాటితే ఆ పచ్చరంగుకు పెద్ద విలువ లేదు. కొలనుకు 7.2 నుంచి 7.8 మధ్య మంచిది. ఈ పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ అనే డేనిష్ శాస్త్రవేత్త కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రూపొందించాడు. కార్ల్స్‌బర్గ్ అంటే బీరు కంపెనీయే. ఈత కొలను శుభ్రతకు బీరు తయారీదారులు ఇలా సాయపడ్డారన్నమాట!

బైలదిల్లా నీళ్లకు బ్లీచింగ్ పడితే

బస్తరు కథ అసలు ఇక్కడ మొదలవుతుంది. దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా కొండలు దేశంలో పేరుమోసిన ఇనుప ఖనిజానికి నెలవు. ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ 1960ల నుంచి అక్కడ తవ్వుతోంది. కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖ రేవుకు రైళ్లు మోసేది ఆ ఎర్రమట్టినే. ఆ కొండల కింద పారే శంఖిని ఏటిని చూసినవాళ్లకు ‘లాల్ పానీ’ (ఎర్ర నీళ్లు) అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దంతేశ్వరి గుడి దగ్గర శంఖిని, డంకిని కలుస్తాయి.

ఏటిలో కనబడే ఎరుపు ఖనిజపు ధూళి. దాన్ని వడకట్టవచ్చు, తేర్చవచ్చు. చిక్కంతా కంటికి కనబడని ఇనుముతో వస్తుంది. భూగర్భంలో గాలి తగలని నీటిలో ఇనుము కరిగి ఉంటుంది. బోరు నుంచి వచ్చేటప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి. కొలను నింపుతారు, యాప్ తెరుస్తారు. కొత్త నీళ్లు కదా, క్లోరిన్ సున్నా. యాప్ చెప్పినంత మందు వేస్తారు. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు కాసేపట్లో టీ రంగుకి తిరుగుతాయి. క్లోరిన్ ఆ ఇనుమును ఆక్సీకరించి తుప్పుగా మార్చేసింది. అది టైల్స్‌కి, మెట్లకి పట్టుకుంటుంది. యాప్ తప్పు చెప్పలేదు. చాలా యాప్‌లలో ఇనుము అనే గడే ఉండదు, మరి దాన్ని ఎవరు అడుగుతారు?

మరక ఇనుముదా, నాచుదా అన్నది తేల్చుకోవడానికి చవకైన ఉపాయం ఉంది. మందుల షాపులో దొరికే విటమిన్ సి మాత్రను మరక మీద కాసేపు ఒత్తి పెట్టండి. రంగు వెలిస్తే ఇనుమే. అలాగని కొలనంతా విటమిన్ సి పోయకండి, అది క్లోరిన్‌ను కూడా తినేస్తుంది. ఇనుమున్న బోరు నీళ్లను ముందే గాలి తగిలేలా తొట్టిలోకి చిలకరించి, తేర్చి, వడకట్టి నింపడం మంచిది. మందు ఖర్చూ తగ్గుతుంది.

కోటంసర్ గుహలో కొలను పాఠం

జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయ జాతీయ వనంలో కోటంసర్ గుహ ఉంది. 1950ల్లో శంకర్ తివారీ అనే భూగోళ శాస్త్రవేత్త దీన్ని పరిశీలించి బయటి లోకానికి పరిచయం చేశారు. లోపల సున్నపు స్తంభాలు, పైకప్పు నుంచి వేలాడే ఊడల్లాంటి రాళ్లు ఉంటాయి. వాటిని పేర్చింది నీటి బొట్టే. మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్న వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు బొట్టులోంచి తప్పుకుంటుంది. దాంతో పీహెచ్ పెరుగుతుంది, కరిగిన కాల్షియం నిలవలేక రాయిగా పేరుకుంటుంది.

మీ కొలను గోడ మీద నీటి గీత దగ్గర కనిపించే తెల్లటి గార కూడా అదే. కొలనులో ఫౌంటెన్ గానీ కృత్రిమ జలపాతం గానీ పెట్టారంటే నీళ్లు గాల్లోకి చిమ్మి కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తాయి, పీహెచ్ తనంతట తానే పైకి ఎగబాకుతుంది. ‘వారం వారం యాసిడ్ పోస్తున్నా పీహెచ్ దిగట్లేదు’ అని వాపోయేవాళ్లు ముందు ఆ ఫౌంటెన్ కట్టేసి చూడాలి.

గార పడుతుందా, లేక నీళ్లే సిమెంటును తినేస్తాయా అన్నది చెప్పే అంకె యాప్‌లలో కనిపిస్తుంది. దాని పేరు లాంజిలియర్ సూచిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లాంజిలియర్ 1936లో దీన్ని ప్రకటించాడు. ఆయన ఆలోచించింది ఊరి నీటి గొట్టాల కోసం, కొలనుల కోసం కాదు. పీహెచ్, ఉష్ణోగ్రత, కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత), కరిగిన లవణాలు కలిపి లెక్కేస్తారు. సున్నా దగ్గర ఉంటే నీళ్లు స్థిమితంగా ఉన్నట్టు. పైకి పోతే గార, కిందికి పోతే సిమెంటు పెచ్చులు. చేత్తో చేస్తే విసుగు పుట్టించే లెక్క ఇది. యాప్ నిజంగా పనికొచ్చే చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువై కాదు

కొలను దగ్గరికి వెళ్లగానే ముక్కు మండితే ‘మందు ఎక్కువేశారు’ అంటాం. చాలాసార్లు నిజం దీనికి తలకిందులు. చెమట, మూత్రంలోని పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లవుతుంది. కళ్లు మండించేవి, వాసన వేసేవి అవే. అంటే పనిచేసే క్లోరిన్ చాలడం లేదన్నమాట. దిగేముందు స్నానం చేయమని బోర్డు పెట్టేది ఇందుకే.

రంగు రాలేదంటే క్లోరిన్ లేదనేనా?

క్లోరిన్ పరీక్షలో డీపీడీ అనే మందు వేస్తే నీళ్లు గులాబీ రంగుకు వస్తాయి. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగునే అది వెలవెలపోయేలా చేస్తుంది. సీసాలో నీళ్లు తెల్లగానే ఉంటాయి. ‘సున్నా’ అని యాప్‌లో రాస్తే అది ఇంకా వేయమంటుంది! అనుమానం వస్తే కొలను నీళ్లకు సమానంగా క్లోరిన్ లేని మంచినీళ్లు కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి. పలచన చేస్తే రంగు పుట్టుకొచ్చిందంటే గుట్టు తెలిసినట్టే.

బస్తరు పల్లెల్లో నిజంగా నడుస్తున్న నీటి యాప్

కొలను మాట అటుంచితే, నీటి పరీక్షల అంకెలు ఫోన్‌లోకి ఎక్కడం ఈ దేశంలో పల్లెల్లోనే పెద్ద ఎత్తున జరుగుతోంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకం నేర్పాలన్నది నియమం. పీహెచ్, గట్టితనం, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ లాంటివి వాళ్లే రంగు చూసి తేలుస్తారు. ఆ ఫలితాలను ఎక్కించడానికి 2021లో నీటి నాణ్యత పోర్టల్, యాప్ వచ్చాయి. కిట్‌లో తేడా కనిపిస్తే నమూనాను ల్యాబ్‌కు పంపి ఖాయం చేసుకోవాలి. కొలను యజమానులు ఈ పద్ధతి నేర్చుకుంటే బాగుండు.

ఆ కిట్‌తోపాటు వచ్చే చిన్న సీసా ఒకటి ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలినం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. ఈ హెచ్2ఎస్ పరీక్షను 1982లో ప్రకటించింది మంజా, మౌర్య, రావు అనే మన శాస్త్రవేత్తలే. ఆ తర్వాత ప్రపంచంలో ఎన్నో దేశాలు దీన్ని వాడుకున్నాయి.

కిట్ చూసే ఫ్లోరైడ్ సంగతికొస్తే, బస్తరులో తెలుగు వినిపించే భోపాలపట్నం వైపు గెర్రాగూడ లాంటి ఊళ్లు దానివల్ల వార్తల్లోకి ఎక్కాయి. పాత నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బు ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించిన చరిత్ర మనది, నల్గొండ సంగతి సరేసరి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఒకటి గుర్తుంచుకోండి. క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను ముట్టుకోదు. కాచినా పోదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాటకూడదని భారతీయ ప్రమాణం.

క్లోరిన్ విషయంలోనూ తాగే నీళ్లకు, కొలను నీళ్లకు తేడా పెద్దది. కొళాయిలో 0.2 మిల్లీగ్రాములు మిగిలితే చాలు. కొలనులో కనీసం 1 ఉండాలి. పదిమంది దిగే నీళ్లు కదా.

ఎండ మింగేది, బిళ్ల మిగిల్చేది

ఎర్రటి ఎండలో రక్షణ లేని క్లోరిన్ కొద్ది గంటల్లోనే చాలావరకు ఎగిరిపోతుంది. అందుకే సయనూరిక్ ఆమ్లం వేస్తారు. ట్రైక్లోర్ బిళ్లల్లో అది కలిసే ఉంటుంది. 10 పీపీఎం క్లోరిన్ వేసిన ప్రతిసారీ సుమారు 6 పీపీఎం సయనూరిక్ ఆమ్లం తోడవుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం పేరుకుంటూ పోతుంది. మితిమీరితే క్లోరిన్ పని మందగిస్తుంది. అప్పుడు కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపడం తప్ప తేలికైన దారి లేదు.

యాప్ హెచ్చరించకపోయినా

యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఒకే బకెట్లో ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ట్రైక్లోర్ బిళ్లల్ని, కాల్షియం హైపోక్లోరైట్ పొడిని ఒక డబ్బాలో పెట్టకండి. మంటలు లేవవచ్చు, పేలవచ్చు. మందును నీళ్లలో వేయాలి గానీ మందు మీద నీళ్లు పోయకూడదు.

కొలను కట్టాలనుకునేవాళ్లు యాప్ దించుకునే ముందు బోరు నీళ్లను ఒకసారి జిల్లా నీటి పరీక్ష ల్యాబ్‌కు పంపండి. ఆ ల్యాబ్‌లు ప్రభుత్వ శాఖల కోసమే కాదు, నామమాత్రపు రుసుముతో మామూలు జనానికి కూడా పరీక్షలు చేస్తాయి. ఇనుము, కాల్షియం, ఆల్కలినిటీ, ఈ మూడింటి అంకెలు తప్పకుండా అడిగి రాయించుకోండి.