చెట్టు బరువు ఎక్కడిది?

చేతిలో చిన్న గింజ. పక్కనే పెద్ద దుంగ. 'ఈ గింజ అంత దుంగ ఎలా అయింది? ఆ బరువంతా ఎక్కడ్నుంచి వచ్చింది?' ఎవర్నడిగినా ఠక్కున వచ్చే జవాబు... 'మట్టిలోంచి, నీళ్లలోంచి' అనే! అమెరికాలో పేరుమోసిన హార్వర్డ్, ఎంఐటీ పట్టభద్రులు కూడా ఇలాగే తడబడ్డారు. 1997లో వచ్చిన 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' డాక్యుమెంటరీలో ఆ ముచ్చట చూడొచ్చు. గాలిలోంచి వచ్చిందంటే నమ్మలేకపోయారు కూడా!

వాళ్లు కిరణజన్య సంయోగక్రియ గురించి చదువుకోలేదా అంటే... చదువుకున్నారు. కానీ పుస్తకంలోని కార్బన్‌డయాక్సైడ్‌కీ కళ్లెదుటి కలపకీ లంకె కుదరలేదు. 'గాలికి బరువేమిటి' అన్న చిన్ననాటి నమ్మకం అలాగే ఉండిపోయింది.

నిజానికి ఆ బరువు మట్టిది కాదని 1648లో అచ్చయిన పుస్తకంలోనే ఉంది. బ్రస్సెల్స్‌లో పుట్టిన వాన్ హెల్మాంట్ 200 పౌండ్ల ఎండుమట్టిలో ఐదు పౌండ్ల విల్లో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోశాడు. ఐదేళ్లకు చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టి తగ్గింది మాత్రం రెండు ఔన్సులే! అయితే ఆయన ఆ ఘనతంతా నీటికే కట్టబెట్టాడు. గాలి వాటా లెక్క తేలడానికి మరో శతాబ్దంన్నర పట్టింది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. అది వచ్చింది గాలిలో 0.04 శాతమే ఉండే కార్బన్‌డయాక్సైడ్ నుంచి.

తూస్తే తెలుస్తుంది!

మరి ఇది విద్యార్థుల బుర్రకెక్కేదెలా? మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డయాన్ ఎబర్ట్-మే తన విద్యార్థుల ముందుంచిన ముల్లంగి లెక్క ఇందుకో చక్కని దారి. ఒకటిన్నర గ్రాముల చొప్పున మూడు భాగాల విత్తనాలు. కొన్నాళ్లయ్యాక వాటిని పూర్తిగా ఎండబెట్టి తూస్తే... వెలుగూ నీరూ అందినవి 1.63 గ్రాములు. వెలుగున్నా నీళ్లు లేక మొలకెత్తనివి 1.46. నీళ్లతో చీకట్లో మొలిచినవి 1.20! మొలక పెరిగింది, బరువు తగ్గింది. ఆ తగ్గిన బరువు ఏమైనట్టు? ముందు విద్యార్థులే ఆలోచించి చెప్పాలి. జవాబు... శ్వాసక్రియలో కార్బన్‌డయాక్సైడ్‌గా మారి గాలిలో కలిసింది.

మనిషి ఒంట్లో కొవ్వు కరిగినా ఇదే కథ. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్‌డయాక్సైడ్‌గా ఊపిరితోనే బయటికి పోతుందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన లెక్క చెబుతోంది. మిగతాది నీరు. ఆ ఊపిరిని అందుకునేది మళ్లీ చెట్టే. గింజనీ దుంగనీ మనిషినీ కలిపే ఈ దారి ఒక్కసారి కనపడితే చాలు... సమీకరణాన్ని బట్టీ పట్టాల్సిన పనే ఉండదు!