మడమ నొప్పి: అమ్మది వేరు, మనది వేరు

"మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో సూది గుచ్చినట్టుంటుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది." పెద్దవాళ్ళు ఈ మాట అనడం మనలో చాలామందిమి విన్నాం. ఆటల పీరియడ్ తర్వాత కుంటుతూ నడిచే మన తోటి విద్యార్థీ మడమ నొప్పి అనే అంటాడు. మాట ఒక్కటే కానీ, కారణాలు సాధారణంగా వేరు.

మన పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది మడమ ఎముక. దాని అడుగు నుండి వేళ్ళ దాకా అరికాలి పొడవునా ఒక గట్టి పట్టీ ఉంటుంది. దానిని ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపును నిలబెట్టేది ఇదే. గంటల తరబడి గట్టి నేల మీద నిలబడినా, బరువు పెరిగినా, పిక్కలు బిగుసుకున్నా ఈ పట్టీ మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా కదలిక లేని పట్టీ పొద్దున్నే ఒక్కసారిగా సాగుతుంది. అందుకే మొదటి అడుగుకే అంత నొప్పి. 40 నుండి 60 ఏళ్ళ వారిలో ఇది ఎక్కువ. ఎక్స్‌రేలో ఎముకకు ముల్లులాంటి పెరుగుదల కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది ఉన్నా నొప్పి లేనివారు ఎందరో ఉన్నారు.

పిల్లల్లో, ముఖ్యంగా 8 నుండి 14 ఏళ్ళ మధ్య, మడమ ఎముక వెనుక భాగం ఇంకా పెరుగుతూ ఉంటుంది. అక్కడ మెత్తని మృదులాస్థి ఉంటుంది. పరుగెత్తినప్పుడు, గెంతినప్పుడు పిక్క కండరాల స్నాయుబంధనం ఆ చోటును పదేపదే లాగుతుంది. మడమను రెండు పక్కలా నొక్కితే నొప్పి తెలుస్తుంది. 1912లో దీన్ని వివరించిన అమెరికా వైద్యుడి పేరు మీద దీనిని సీవర్స్ వ్యాధి అంటారు. పేరు విని భయపడవద్దు. ఎముక పెరుగుదల పూర్తయితే ఈ నొప్పి దానంతటదే పోతుంది.

ఏం చేయాలి?

• నొప్పి తగ్గేదాకా పరుగు, గెంతులు తగ్గించాలి.
• గుడ్డలో చుట్టిన ఐస్‌ను 10–15 నిమిషాలు పెట్టాలి.
• గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనేలా ఉంచి 30 సెకన్లు పిక్కను సాగదీయాలి. నొప్పి పెరిగితే ఆపేయాలి.
• పెద్దవాళ్ళు మంచం దిగకముందే పాదానికి తువాలు తగిలించి వేళ్ళను తమ వైపు మెల్లగా లాక్కోవాలి.
• అరిగిపోయిన బూట్లు మార్చి, మడమ కింద మెత్తగా ఉండేవి వేసుకోవాలి.

వాపు, జ్వరం, తిమ్మిరి, రాత్రి కూడా తగ్గని నొప్పి ఉన్నా, దెబ్బ తగిలాక అడుగు వేయలేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

జట్టులోంచి తీసేస్తారేమోనని నొప్పిని దాచుకునేవారు మనలో ఉన్నారు. దాచి ఆడితే త్వరగా తగ్గేది నెలల తరబడి సాగుతుంది. పీ.ఈ.టీ. సార్‌తో ముందే చెబుదాం. కొన్నాళ్ళ విశ్రాంతి మనల్ని ఆటకు దూరం చేయదు, తిరిగి మైదానానికి చేరుస్తుంది.