పటేల్ షాట్, సంఘం షాట్

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారి ఫోను. ‘‘ఈ ఆదివారం కవర్ స్టోరీ కార్పొరేట్ కొలువుల్లో ఆడవాళ్ల మీదమ్మా. జీతం ఒక్కటే కాదు, చేసే పనిలో తృప్తి ఉండాలి, పదికాలాలు నిలవాలి. అట్లాంటి కెరీర్ ఎట్లా కట్టుకోవాలో చెప్పు. శుక్రవారం సాయంత్రానికి కాపీ పంపెయ్.’’ ముఖచిత్రం ఆయన మనసులో అప్పటికే అచ్చయిపోయింది. అద్దాల మేడ, దాని ముందు కోటు వేసుకుని చేతులు కట్టుకున్న అమ్మాయి, కెమెరా కింద నుంచి. ‘‘అన్నీ మాదాపూర్‌వే అయిపోతున్నాయి. జిల్లా నుంచి ఒక్క ఉదాహరణ పట్టుకురా’’ అని పెట్టేశారు.

ఇట్లాంటి వ్యాసాలు నేను ఇంతకుముందు నాలుగైదు రాశాను. మెంటార్‌ను వెతుక్కో, మీటింగులో గొంతు పెంచు, ఇంటినీ ఆఫీసునూ సరితూచుకో. చెప్పేవన్నీ ఆమెకే. ఆఫీసు ఏం చేయాలో ఒక్క ముక్క ఉండదు. వైకుంఠపాళి ఆడేవాళ్లకు పాచికలు ఎట్లా వేయాలో నేర్పిస్తాం గాని, ఆ గడిలో పామును ఎవరు గీశారని అడగం. అందుకే ఈ అసైన్‌మెంటు మీద నాకు మొదటినుంచీ పెద్ద ప్రేమ లేదు.

జిల్లా అనగానే జహీరాబాద్ తోచింది. ఎడిటర్ గారికి కావలసిన కార్పొరేట్ అక్కడ కావలసినంత ఉంది. ముంబై హైవే మీద మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ 2013లో మొదలైంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ‘నిమ్జ్’ పారిశ్రామిక మండలి కోసం పన్నెండు వేలకు పైగా ఎకరాలు గీసి పెట్టారు. వాటి గురించి నోట్సు తయారు చేసుకుంటూనే ఉన్నాను. కాని మనసు పదే పదే మూడు మాటల దగ్గరికి వెళ్లి ఆగింది. జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జనం నోట్లో డీడీఎస్, ఊరూరా పెట్టిన సంఘాల ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నప్పుడు షాట్లకు పెట్టుకున్న పేర్లవి.

సినిమా బళ్లో ఆ మూడు షాట్లూ మూడు కొలతలు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే టాప్ యాంగిల్. కింది నుంచి పైకి చూస్తే లో యాంగిల్. మనిషి కళ్లకు సమానంగా నిలిస్తే ఐ లెవెల్. కెమెరా ఎంత ఎత్తున ఉందో అవి చెప్తాయి, అంతే. సంఘం ఆడవాళ్లకు బడి లేదు, ఇంగ్లీషు లేదు, ఎక్కువమంది దళిత కూలి కుటుంబాల వాళ్లు. పైనుంచి కిందికి చూసే షాట్‌ను వాళ్లు ‘పటేల్ షాట్’ అన్నారు. గడి అరుగు మీద కూర్చున్న దొర కింద నిలబడ్డ కూలి మనిషిని చూసే చూపు అది. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. ఎదురెదురుగా, కంటి ఎత్తున ఉన్నది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

దీని దగ్గర కొంచెం ఆగాలి. మన తెలుగు సినిమాలో హీరో జీపు దిగేటప్పుడు కెమెరా ఎక్కడుంటుంది? బూటు దగ్గర. ఆ షాట్ హీరోను కొండంత చేస్తుంది కాబట్టి దాన్ని మనం హీరో షాట్ అనుకుంటాం. అదే షాట్‌కు ఈ ఆడవాళ్లు బానిస పేరు పెట్టారు. ఫ్రేములో కనబడేవాడి పేరు వాళ్లకు అక్కర్లేకపోయింది. ఆ చోట నిలబడి చూస్తున్నది ఎవరు, ఎవరి మెడ నొప్పి పుడుతోంది అన్నదాన్ని బట్టి పేరు పెట్టారు. నూరేళ్ల సినిమా వ్యాకరణాన్ని మూడు మాటల్లో తిరగరాశారు. దాన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ చూసి రాయలేదు, పటేల్ అరుగు కింద నిలబడిన అనుభవం నుంచి తీశారు.

ఇప్పుడు ఎడిటర్ గారి ముఖచిత్రం సంగతి. కోటు వేసుకున్న అమ్మాయిని కింది నుంచి తీస్తే ఆమె శక్తిమంతురాలిలా కనబడుతుందని ఆయన లెక్క. పస్తాపూర్ లెక్కలో అది బానిస షాట్. చూసే పాఠకురాలిని నేలమీద కూర్చోబెట్టి తీసినది. మన కెరీర్ కథనాలన్నీ ఆ షాట్‌లోనే ఉంటాయేమో అని నా అనుమానం. పైకెక్కిన ఒక్కరిని చూపించి, కింద ఉన్న పదిమందిని తలెత్తి చూడమంటాం. పైకెక్కాక ఆ ఒక్కరికి దొరికేది పటేల్ షాట్. కంపెనీల్లో ఎవరి కింద ఎవరో చూపే పటం గోడమీద ఉంటుంది చూశారా, దాన్ని ఎప్పుడూ పైనుంచి కిందికే గీస్తారు.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. డీడీఎస్ 1983లో పుట్టింది. మైసూరు నుంచి వచ్చిన, దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 2023 మార్చి 19న కన్నుమూసేదాకా ఆయన పేరూ సంస్థ పేరూ విడదీయలేనట్టే ఉండేవి. బీడుపడిన భూములు సాగులోకి తేవడం, కూలికి పోయే తల్లుల పిల్లల కోసం బాల్వాడీలు, కొర్రలు, సామలు, పచ్చజొన్నల విత్తనాలు ఇళ్లలోనే దాచి ఒకరికొకరు ఇచ్చుకోవడం, ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర. డెబ్బై అయిదు ఊళ్లు, అయిదు వేల మంది సభ్యులు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజు.

ఇంత పొట్టిగా చెప్పాల్సిన కథ కాదని తెలుసు. కాని నాకు స్థలం వాళ్ల రేడియో కథకు కావాలి.

1998లో యునెస్కో చేయూతతో ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో రేడియో స్టూడియో కట్టారు. గది ఉంది, యంత్రాలున్నాయి, నడిపే ఆడవాళ్లు తయారయ్యారు. లైసెన్సు లేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2002లో ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు తలుపు తెరిచినప్పుడు చదువుల సంస్థలనే లోపలికి రానిచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు దారి దొరికింది 2006 నవంబరులో. సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు. ఈ దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థకు దక్కిన మొదటి కమ్యూనిటీ రేడియోల్లో అది ముందు వరసలోది.

మధ్యలో పదేళ్లు వాళ్లేం చేశారు? కార్యక్రమాలు చేస్తూనే పోయారు. పాటలు, మందుల చెట్ల ముచ్చట్లు, విత్తనాల లెక్కలు టేపుల మీద రికార్డు చేసి, ఆ టేపులు సంఘం మీటింగుల్లో వినిపించారు. మైకు ముందు కూర్చున్న ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు అల్గోల్ నర్సమ్మ. ప్రసారమే లేని రేడియోలో పదేళ్లు పని నేర్చుకోవడాన్ని ఏ హెచ్ఆర్ పుస్తకమూ కెరీర్ అనదు. అప్రైజల్‌లో దానికి గడి లేదు. ఎడిటర్ గారు అడిగిన ‘పదికాలాలు నిలిచేది’ నాకు కనబడింది మాత్రం అక్కడే. ఒకరు లైసెన్సు ఇచ్చేదాకా ఆగని పని.

ఇక కార్పొరేట్‌తో ఈ ఆడవాళ్ల ముఖాముఖి కెమెరా చేతబట్టుకునే జరిగింది. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. డీడీఎస్ కమ్యూనిటీ మీడియా ట్రస్టు మహిళలు వరంగల్ పత్తి చేలల్లోకి కెమెరాతో వెళ్లి రైతుల మాట రికార్డు చేశారు. 2003లో వచ్చిన ఆ చిత్రం పేరే ‘వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకు’ అన్న ప్రశ్న. ఆ తర్వాత థాయిలాండ్, ఇండోనేషియా, మాలి, దక్షిణాఫ్రికా పత్తి రైతుల దాకా వెళ్లారు. బీటీ పత్తి మీద వాళ్లు తేల్చినదంతా నేను ఒప్పుకుంటానా అంటే, ఆ వాదన రెండు వైపులా ఇంకా తెగలేదు. కాని కూలికి పోయిన చేయి ఖండాలు దాటి షాట్లు తీయడం గురించి వాదన ఏముంది?

అభిమానం ఎక్కువైతే రాత పలచబడుతుంది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. సంఘం పని కార్పొరేట్ జీతం ఇవ్వదు. పీఎఫ్ ఉన్న కొలువు కోసం పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కే జహీరాబాద్ డిగ్రీ అమ్మాయికి ‘చాప మీద సమానంగా కూర్చో’ అని చెప్తే ఆమె నవ్వి కిటికీ పక్క సీటు చూసుకుంటుంది. ఆమె తప్పేం లేదు. ఇంకొకటి, అంత సంఘం షాట్‌లోనూ దశాబ్దాల పాటు ముందు నిలబడ్డది చదువుకున్న, నగరం నుంచి వచ్చిన ఒక మగాయన. ఆయన మంచితనం వేరు, ఆ ప్రశ్న వేరు.

బాక్సు: చట్టం ఆఫీసుకు చెప్పిన ముక్కలు

పదిమందికి తగ్గకుండా పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది 2017 సవరణతో. అదే సవరణ యాభై మందికి తగ్గని సంస్థల్లో పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలంది. సంఘాల బాల్వాడీలు అప్పటికే పాతబడ్డాయి. లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్తే, ఆ ఒక్క కుర్చీని యజమాని ఇంటావిడతో నింపే ఉపాయం వెంటనే దొరికింది. అందుకే సెబీ పెద్ద కంపెనీలకు ‘స్వతంత్ర’ మహిళా డైరెక్టరు అన్న మాట జోడించాల్సి వచ్చింది.

బాక్సు: ఎడిటర్ గారి కోసం

నిచ్చెన కథలు కావాలంటే మనవాళ్లవి ఉన్నాయి. విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరి, 2003లో ఆ కంపెనీ చీఫ్ టెక్నాలజీ ఆఫీసరయ్యారు. అక్కడి నుంచి సిస్కో, ఆ తర్వాత విద్యుత్ కార్ల నియో. మోటరోలా ఒక్కదానిలోనే ఇరవై మూడేళ్లు ఉండటం ఇప్పటి పిల్లలకు వింతగా తోస్తుంది. అపోలో కుటుంబానికి చెందిన శోభన కామినేని 2017లో పరిశ్రమల సమాఖ్య సీఐఐకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు.

గురువారం రాత్రి ఫొటోగ్రాఫర్ ఫోను చేశాడు. మాదాపూర్‌లో ఒక అమ్మాయి ఒప్పుకుందట, అద్దాల మేడ కూడా దొరికిందట. ‘‘అక్కా, కింద పడుకుని తియ్యమన్నారు సారు. అట్లనేనా?’’

స్టాండు ఎంత ఎత్తుకు లేస్తుందని అడిగాను.

‘‘అయిదడుగులు.’’

ఆమె ఎత్తు ఎంతో కనుక్కోమన్నాను.