చిలుక బెరడు మీద తలకిందులుగా ఎలా నడుస్తుంది?

న్యూగినీ కొండల వానఅడవుల్లో ఎర్రరొమ్ము మరుగుజ్జు చిలుక ఉంటుంది. పొడవు సుమారు 9 సెంటీమీటర్లే, అంటే మన ఊరపిచ్చుక కంటే చిన్నది! చెట్టు మాను మీద బల్లిలా పాకుతుంది, తల కిందికి పెట్టి కూడా దిగుతుంది.

ఎలా? దాని కాలివేళ్లు బాగా పొడవు, గోళ్లు వంకర. బెరడును గట్టిగా పట్టేస్తాయి. ఇక తోక ఈకల కాడలు బిరుసుగా, ఈకను దాటి ముళ్లలా పొడుచుకొచ్చి ఉంటాయి. పైకెక్కేటప్పుడు వాటిని మానుకు ఆనించి నిలదొక్కుకుంటుంది. వడ్రంగిపిట్ట తోక చేసే పనీ ఇదే.

ఎందుకంత శ్రమ? దాని తిండి ఉండేది బెరడు మీదే: లైకెన్లు, శిలీంధ్రాలు, చిన్న పురుగులు.

ఈ జాతి చిలుకలను పంజరాల్లో పెంచాలని కొందరు ప్రయత్నించారు. అవి ఎక్కువ కాలం బతకలేదు. వీటికి అడవి తప్ప వేరే ఇల్లు లేదు.