కాలువ తవ్విన కంపెనీ

కర్నూలులో కె.సి. కాలువ గట్టున షికారు పోయినప్పుడల్లా నాకొక కంపెనీ కథ గుర్తుకొస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వ్యాపారాల గొడవెందుకంటారా? కరువుసీమ వాణ్ణి, నీళ్ల గొడవ నాది కాదూ!

సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వాలని 1850ల చివర మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. గోదావరి కాటన్ దొరగారి ఆలోచనే. మూలధనం పది లక్షల పౌన్లు. దానిపై నూటికి 5 వడ్డీకి సర్కారు హామీ. నీళ్లు పారినా పారకున్నా వాటాదారుల వడ్డీ వాళ్లకు ముట్టుతుంది. ఇక ఖర్చు మీద కన్నెవరికి? పని తెమలకముందే డబ్బు చెల్లింది. సర్కారే మళ్లీ అప్పు పెట్టింది.

తీరా నీళ్లొచ్చాక, నల్లరేగడిలో వానకే జొన్న, పత్తి పండించుకునే రైతు తీరువా కట్టి తడి పెట్టుకోవడానికి ముందుకు రాలేదు. అతణ్ణి ముందే అడిగివుంటే ఏం పోయేదో! 1882లో కాలువను సర్కారే కొనేసింది.

ఇప్పుడు అదే కాలువ చివర, కడప వైపు రైతులు నీటికోసం ఎదురుచూస్తుంటారు.