తిరిగివచ్చిన ఈ-మెయిళ్లు

ఉపకారవేతనముల గడువు రెండు దినములలో ముగియనుండగా మా కళాశాల కార్యాలయము పంపిన ఈ-మెయిళ్లన్నియు 550 అను సంఖ్యతో తిరిగివచ్చినవి. చిరునామాలు సరియైనవే, దోషము మా ఐ.పి. సంఖ్యది.

స్పామ్ వెదజల్లు యంత్రముల సంఖ్యలను నల్లజాబితాలో చేర్చి అందరికి అందుబాటులో నుంచు పద్ధతిని 1997లో అమెరికాలో పాల్ విక్సీ ప్రభృతులు ఆరంభించిరి. మరుసటి యేడు స్పామ్‌హౌస్ సంస్థ వెలసినది. లేఖ నందుకొను సర్వరు, పంపినవారి సంఖ్యను తలక్రిందులు చేసి (192.0.2.45 అయినచో 45.2.0.192 అని) జాబితా పేరుతో జతపరచి డి.ఎన్.ఎస్.ను ప్రశ్నించును. 127తో ఆరంభమగు జవాబు వచ్చినచో ఆ సంఖ్య జాబితాలో నున్నదని అర్థము. ఈ విచారణలో లేఖయందలి విషయమునకు తావే లేదు. అందు పేద విద్యార్థి దరఖాస్తు ఉన్నను ఒకటే!

మా కంప్యూటర్లన్నిటికిని బయటి ప్రపంచమున ఒక్కటే సంఖ్య. గ్రంథాలయములోని యంత్రమునకు ఎవరి పెన్‌డ్రైవ్ నుండియో వైరస్ సోకి, అది రాత్రింబవళ్లు స్పామ్ పంపుచుండెను. ఒకరి తప్పునకు ఊరందరికి జరిమానా యన్నమాట. యంత్రమును శుభ్రపరచక తొలగింపు కోరినచో మరల జాబితాకెక్కుట తథ్యము. కావున ముందు దానిని బాగుచేయించి, మెయిల్ సర్వరు తప్ప తక్కినవి 25వ పోర్టు ద్వారా బయటకు పోకుండ కట్టడి చేయించి, పిదప తొలగింపు కోరితిమి. దరఖాస్తులను మాత్రము అచ్చుతీసి మనిషిచేత పంపితిమి. గడువు నాటి సాయంకాలమునకు కట్ట అందినది.